మన వీధి సర్కారు బడి మంచిదేనా? బిడ్డను చేర్చే ముందు ఏం చూడాలి

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. అంతకు నెల ముందు నుంచే అనంతపురం, గుత్తి, తాడిపత్రి, కదిరి, హిందూపురం మొహల్లాల్లో ఒకటే చర్చ: బిడ్డను ఎక్కడ వేయాలి? సర్కారు బడి నడిచి పోయేంత దూరంలో ఉంటుంది, ఫీజు ఉండదు. అయినా చాలామంది తల్లిదండ్రులు గేటు చూసి, గోడల రంగు చూసి, పక్కింటోళ్ల మాట విని తేల్చేస్తారు. శెనక్కాయ పంట పోయిన ఏడాది అప్పు తెచ్చి ప్రైవేటు ఫీజు కట్టడం, రెండో కిస్తు దగ్గర చేతులెత్తేయడం, చివరికి అమ్మాయిని బడి మాన్పించడం మనకు తెలియని సంగతి కాదు. అందుకే ఈ నిర్ణయం వినికిడి మీద తీసుకోకూడదు. బడి బాగుందో లేదో చదువు పెద్దగా రాని అమ్మ కూడా ఒక్క పూటలో చాలావరకు కనిపెట్టొచ్చు.

ముందు టీచర్లను లెక్కపెట్టండి

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు ఉండాలి. 150 దాటితే హెడ్మాస్టర్ అదనం. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన జరగాలి.

ఇక్కడే కొంచెం లెక్క వేసి చూద్దాం. ఐదు తరగతులకు ఒకే టీచర్ ఉన్నారనుకోండి. ఆ 800 గంటలను ఐదుగా పంచితే ఒక్కో తరగతికి దక్కేది 160 గంటలు. ఇద్దరుంటే 320. మిగతా సమయమంతా బిడ్డ బడిలోనే ఉంటాడు, కానీ పలక మీద గీతలు గీసుకుంటూ ఉంటాడు. ఆ ఒక్క టీచర్ మంచివారా కాదా అన్నది తర్వాతి ప్రశ్న. ఎంత మంచివారైనా ఒక మనిషి ఐదు చోట్ల ఉండలేరు. పైగా ఆయనకు ట్రైనింగ్ ఉండొచ్చు, మండలంలో మీటింగ్ ఉండొచ్చు, జ్వరం రావచ్చు. ఆ రోజు బడి ఎవరు నడుపుతారు అని అడగండి. ఈ జవాబు చాలా చెబుతుంది.

రిజిస్టర్‌లో ఉన్న టీచర్లు వేరు, బడిలో ఉన్నవాళ్లు వేరు. 2003లో ప్రపంచ బ్యాంకు, హార్వర్డ్ పరిశోధకులు దేశమంతా సర్కారు ప్రాథమిక బడులకు చెప్పకుండా వెళ్లి చూస్తే, నలుగురిలో ఒక టీచర్ బడిలో లేరు. ఆ సమయానికి పాఠం చెబుతూ కనిపించినవాళ్లు దాదాపు సగం మందే. ఆ తర్వాత చాలా మారింది. మన రాష్ట్రంలో 2022 నుంచి టీచర్ల హాజరు ముఖం గుర్తించే యాప్‌లో పడుతోంది. అయితే బడికి వచ్చారని యాప్ చెబుతుంది, పాఠం చెప్పారని చెప్పదు. దానికి మనమే మధ్యాహ్నం భోజనం అయ్యాక, రెండింటి సమయంలో, ఒకసారి అటుగా వెళ్లాలి. పొద్దున ప్రార్థన సమయంలో ఏ బడైనా బాగానే కనిపిస్తుంది.

ఈ మధ్య బడుల రకాలు కూడా మారాయి. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించారు. 2025లో దాన్ని పక్కన పెట్టి కొత్త ఏర్పాటు తెచ్చారు. అందులో మోడల్ ప్రైమరీ స్కూల్ అన్న రకం ఉంది, తరగతికో టీచర్ ఉండాలన్నది దాని ఉద్దేశం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించి, సెప్టెంబర్‌లో నియామక పత్రాలు ఇచ్చారు. కాబట్టి మూడేళ్ల కింద మీ అక్క బిడ్డ చదివినప్పటి బడి ఇప్పుడు అదే బడి కాకపోవచ్చు, మంచికైనా చెడుకైనా. ఎన్నో తరగతి వరకు ఉంది, ఎంతమంది టీచర్లున్నారు అని మళ్లీ అడగాల్సిందే.

మూడో తరగతి పిల్లతో చదివించి చూడండి

నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ‘అసర్’ పేరుతో పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలతో చదివిస్తోంది. వాళ్ల పద్ధతిలో గొప్ప రహస్యమేమీ లేదు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. బిడ్డ ఎక్కడిదాకా రాగలడో చూస్తారు. లెక్కల్లో అంకెలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం.

దేశం మొత్తంలో సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం. 2024లో 23.4 శాతానికి పెరిగారు. అంటే పెరిగాక కూడా నలుగురిలో ముగ్గురు చదవలేకపోతున్నారు. మీ వీధి బడి ఈ సగటు కన్నా పైనుందా, కిందుందా? దాన్ని ఏ సర్వే చెప్పదు. ఎందుకంటే ఈ సర్వేలన్నీ జిల్లా, రాష్ట్రం లెక్కలిస్తాయి, ఒక్కో బడి లెక్క ఇవ్వవు.

మీరే చూడొచ్చు. ఆ బడిలో మూడో తరగతి చదివే ముగ్గురు నలుగురు పిల్లలు మీ సందులోనే ఉంటారు. సాయంత్రం కూర్చోబెట్టి రెండో తరగతి తెలుగు వాచకంలో మధ్య పేజీ తెరవండి. మొదటి పాఠం వద్దు, అది కంఠతా వచ్చేసి ఉంటుంది. చూపు పుస్తకం మీద లేకుండా నోరు పరుగెడుతుంటే అది చదవడం కాదు. ఒక వాక్యం చదివాక “ఇందులో ఎవరేం చేశారు బేటా?” అని అడగండి. తర్వాత 52లోంచి 27 తీసేయమనండి. ఐదో తరగతి పిల్లవాడికైతే 857ను 6తో భాగించమనండి, 142 వచ్చి 5 మిగలాలి. ఒక్క పిల్లవాడితో తేల్చేయకండి. ట్యూషన్‌కు పోయేవాడైతే ఆ ఘనత బడిది కాదు. ఎవరూ ఇంట్లో చెప్పలేని పిల్లలు, కూలీకి పోయే ఇళ్ల పిల్లలు చదవగలుగుతున్నారంటే ఆ బడిలో పని జరుగుతున్నట్టే.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. సాయంత్రం మక్తబ్‌కు పోయే పిల్ల ఖురాన్ నాజిరా గడగడా చదువుతుంది కదా, ఉర్దూ కూడా వచ్చేసినట్టే అనుకుంటాం. నాజిరాలో ప్రతి అక్షరం మీద జేర్, జబర్, పేష్ ఉంటాయి. ఉర్దూ పుస్తకంలో చిన్న తరగతులు దాటాక అవి ఉండవు. మాట ముందే తెలిస్తేనే చదవగలం. అదే పిల్లకు ఉర్దూ వాచకం ఇచ్చి చూడండి, కొన్నిసార్లు రెండో లైను దగ్గరే ఆగిపోతుంది. అది బిడ్డ తప్పు కాదు, ఆ రెండూ వేరు వేరు చదువులు.

ఉర్దూ మీడియమా, తెలుగా?

మాతృభాషలో ప్రాథమిక చదువుకు సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం చెబుతుంది. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తించారు. హక్కు ఉంది, సరే. కానీ బోర్డు మీద ‘ఉర్దూ’ అని ఉంటే సరిపోదు. ఉర్దూ పోస్టులో ఇప్పుడు మనిషి ఉన్నారా? ఉర్దూ చదవడం రాయడం వచ్చినవారేనా? పుస్తకాలు బడి తెరిచిన నెలలోపు అందాయా? అన్నిటికన్నా ముఖ్యం, ఐదో తరగతి అయ్యాక ఎక్కడికి? నడిచి పోయే దూరంలో ఉర్దూ మీడియం ఆరో తరగతి లేకపోతే, పదేళ్ల పిల్ల ఒక్కసారిగా తెలుగు, ఇంగ్లిషు పుస్తకాల్లో పడుతుంది. చాలామంది అమ్మాయిల చదువు ఆగే మలుపు అక్కడే. చేర్చేటప్పుడే ఆరో తరగతి బడి కూడా చూసుకోవాలి.

ఇంట్లో దక్కనీ మాట్లాడే కుటుంబానికి ఉర్దూ బడి దగ్గరగా ఉంటుంది. నూర్‌బాషా, దూదేకుల ఇళ్లలో చాలావరకు తెలుగే ఇంటి భాష. అలాంటి బిడ్డను మనవాళ్ల బడి అని మాత్రమే ఉర్దూ మీడియంలో వేస్తే, వాడికి అది పరాయి భాషలో చదువే. ఉర్దూ నేర్పించండి, తప్పకుండా నేర్పించండి. కానీ బడిని ఎంచుకునేటప్పుడు టీచర్లున్న బడిని ఎంచుకోండి. కొందరు పెద్దలకు ఈ మాట నచ్చదని తెలుసు.

భోజనం, నీళ్లు, గోడలు

మధ్యాహ్న భోజనాన్ని చిన్నచూపు చూడకండి, ముఖ్యంగా మన కరువు సీమలో. 2002 నుంచి సాగిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ వివరాలతో చేసిన పరిశోధనలో తేలిందేమంటే, కరువు వల్ల చిన్న పిల్లల ఎదుగుదలకు పడిన దెబ్బను బడి భోజనం చాలావరకు పూడ్చింది. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలన్నది నిబంధన. మన రాష్ట్రంలో గుడ్డు, శెనక్కాయల చిక్కీ, రాగి జావ కూడా ఇస్తున్నారు. 2025 జూన్ నుంచి సన్న బియ్యం వండుతున్నారు. పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారుతుంది, మనం చూడాల్సింది ప్లేటు. ఎంతమంది పిల్లలు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటున్నారో గమనించండి. సగం మంది డబ్బా తెస్తే వంటలో ఏదో తేడా ఉంది.

నాడు-నేడు 2019 నవంబర్ 14న మొదలైంది. మొదటి విడతలో 15,715 బడులకు మరుగుదొడ్లు, తాగునీరు, బెంచీలు, రంగులు, ప్రహరీలు ఇచ్చారు. బడులు అందంగా మారాయి, అది మంచిదే. కానీ మన ప్రాంతంలో కుళాయి ఉండటం వేరు, అందులో నీళ్లు రావడం వేరు. వీలైతే జూన్‌లో కాదు, మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక వెళ్లి చూడండి. అప్పటికీ బోరు పోస్తోందా? ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం తీసి ఉందా? తాళం ఉంటే ఆ గది ఫొటో కోసమే.

ప్రైవేటుతో పోల్చేటప్పుడు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపించారు. పల్లెల్లో సర్కారు బడి పిల్లలకు లాటరీ తీసి, గెలిచినవాళ్ల ప్రైవేటు ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడులు ఒక్కో బిడ్డ మీద సర్కారు కన్నా చాలా తక్కువ ఖర్చుతో అదే ఫలితం తెచ్చాయి, అది వాళ్ల ఘనతే. కానీ తల్లిదండ్రుల కోణంలో చూస్తే, ఫీజు కట్టినంత మాత్రాన చదువు పెరగదు. ప్రైవేటు బడికీ ఆ మూడో తరగతి పరీక్షే పెట్టండి.

తల్లికి వందనం కింద 2025లో ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు ప్రకటించి, 2,000 బడి నిర్వహణకు తీసి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఇది సర్కారు బడికీ, ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. 75 శాతం హాజరు ఉండాలి. కాబట్టి ప్రైవేటు ఫీజు, వ్యాను, పుస్తకాలు, యూనిఫారం నాలుగూ కలిపి ఒక కాగితం మీద రాసి, పక్కన 13,000 వేసి చూడండి. సర్కారు బడిలో పుస్తకాలు, బట్టలు, బూట్లు, బ్యాగు ఉచితం కనుక ఆ డబ్బు ఇంట్లోనే ఉంటుంది.

పని కోసం బెంగళూరు పోయి వచ్చే కుటుంబాలకు ఒక మాట. చట్టం ప్రకారం ఏడాది మధ్యలో వచ్చినా సర్కారు బడి చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందనో, పుట్టిన తేదీ కాగితం లేదనో వెనక్కి పంపకూడదు. ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. చదువు ఆగిపోయిన బిడ్డను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, ప్రత్యేకంగా చెప్పాలి. అలా వచ్చిన బిడ్డతో హెడ్మాస్టర్ ఎలా మాట్లాడతారో చూస్తే ఆ బడి స్వభావం తెలిసిపోతుంది.

ఎక్కడ అడగాలి

ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌తో కేంద్ర ప్రభుత్వ యూడైస్ ప్లస్ పోర్టల్‌లో పిల్లల సంఖ్య, టీచర్లు, మీడియం, సౌకర్యాలు ఎవరైనా చూడొచ్చు. అవి బడి వాళ్లు నింపిన వివరాలే, అదీ వెనకటి ఏడాదివి. అందుకని చూసినదానితో సరిపోల్చుకోండి.

బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు, అంటే 75 శాతం, తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. మన అమ్మలు ఈ ఎన్నికలకు పోవడం తక్కువ, పోవాలి. ఎందుకంటే డబ్బు లెక్క అక్కడే ఉంటుంది. సమగ్ర శిక్ష కింద పిల్లల సంఖ్యను బట్టి ఏటా బడి గ్రాంటు వస్తుంది: 30 మంది వరకు 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000. సుద్దముక్కలు, రిపేర్లు, శుభ్రత దీంతోనే. ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని కమిటీ సభ్యులు అడగొచ్చు. మెగా పేరెంట్ టీచర్ మీటింగులు 2024 డిసెంబర్ 7న మొదలయ్యాయి. 2025 జూలై 10న రెండోసారి జరిగినప్పుడు ముఖ్యమంత్రి మన శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు హైస్కూలుకే వచ్చారు. ఆ రోజు ఫొటోలు దిగి రాకుండా, “మా బిడ్డ ఏ పేజీ దాకా సొంతంగా చదవగలదు సార్?” అని అడగండి. పిల్ల పేరు చెప్పగానే టీచర్ జవాబు చెప్పగలిగితే ఆ బడిలో ధైర్యంగా వేయొచ్చు.

జవాబు రాకపోతే మండల విద్యాధికారికి, అక్కడా కాకపోతే జిల్లా విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నది ఎంతమంది, ఉర్దూ పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ అన్న మూడు ప్రశ్నలు ఒకే కాగితం మీద అడగొచ్చు. తెలుగులో రాసినా చాలు.