రుద్రమదేవి సైనిక నేతృత్వం: సేవుణ యుద్ధాధారాల పునఃపరిశీలన

ప్రవేశిక

మధ్యయుగ ఆంధ్రదేశంలో సైన్యాన్ని శాసించిన స్త్రీగా కాకతి రుద్రమదేవి పేరు సుప్రసిద్ధం. ఆమె వీరత్వాన్ని నవల, నాటకం, చలనచిత్రం విస్తారంగా కీర్తించాయి. అయితే సమకాలీన ఆధారాలు ఆమె సైనిక నేతృత్వాన్ని ఏ భాషలో నమోదు చేశాయి, అందులో ఆమె స్త్రీత్వానికి ఏ స్థానం దక్కింది అన్న ప్రశ్న నేటికీ విచారణార్హమే. దేవగిరి సేవుణ రాజు మహాదేవునితో జరిగిన యుద్ధాన్ని కేంద్రంగా చేసుకొని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పరిశీలనకు ఉపకరించే ఆధారాలలో కొన్ని వేంగి, కొల్లేటి సీమలకు చెందినవి.

వేంగి సీమలో కాకతీయ సంబంధాలు

గణపతిదేవుడు తీరాంధ్రాన్ని తన ఏలుబడిలోకి తెచ్చే క్రమంలో కొల్లేటి సీమలోని కొలను రాజ్యం కాకతీయుల వశమైంది. ఆ సీమతో ముడిపడిన ఇందులూరి మంత్రివంశానికి కొలని అనే పేరు అలా ఏర్పడింది. ఆ వంశీయుడైన కొలని గణపతిదేవుని ‘శివయోగసారం’ నేడు చరిత్రకారులకు ముఖ్యమైన ఆకరం. తాడేపల్లిగూడేనికి సమీపంలోని నిడదవోలును ఏలిన చాళుక్య వీరభద్రునికి గణపతిదేవుడు తన కుమార్తె రుద్రమనిచ్చి వివాహం చేశాడు. భర్త రాజవంశీయుడే అయినా ఓరుగల్లు సింహాసనం అతనికి సంక్రమించలేదు. తండ్రి అనంతరం రుద్రమయే రాజ్యభారం వహించింది.

ఇక్కడ ఆమె సోదరి గణపాంబతో పోల్చి చూడటం అవసరం. కోట బేతరాజును వివాహమాడిన గణపాంబ, భర్త మరణానంతరం ధరణికోట సీమను పాలించింది. 1250 నాటి యనమదల శాసనం ఆమెను గణపతిదేవుని కుమార్తెగా, బేతరాజు పత్నిగా, స్త్రీగానే పేర్కొంటుంది. అంటే స్త్రీ పాలనను దాచవలసిన అగత్యం నాటి శాసనకర్తలకు లేదు. అటువంటప్పుడు రుద్రమ ‘రుద్రదేవ మహారాజు’ ఎందుకయింది? గణపాంబ అధికారం భర్త నుంచి సంక్రమించినది. రుద్రమ అధికారం నాయంకర వ్యవస్థకు, అంటే సైన్యాన్ని సమకూర్చే నాయకుల విధేయతకు, కేంద్రమైన సింహాసనానిది. కనుక పురుషనామం స్త్రీత్వాన్ని కప్పిపుచ్చే ముసుగు కాదనీ, సైన్యాధిపత్యం గల పదవికి నాటి భాషలో ఉన్న రూపమనీ భావించవచ్చు. విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయం’ గణపతిదేవుడు కుమార్తెను పుత్రునిగా భావించి రుద్రుడని పేరు పెట్టినట్లు చెప్పడం కూడా ఈ పదవీభావనకు కావ్యరూపమే. కొద్దికాలం ముందు ఢిల్లీని ఏలిన రజియా (1236-1240) సభకు పురుషవేషంలో వచ్చేదని నాటి చరిత్రకారుడు మిన్హాజ్ రాశాడు. అక్కడ వేషం చేసిన పనిని ఇక్కడ నామం చేసింది.

శత్రుపక్షం కథనం

మహాదేవుని ఆస్థానంలోని హేమాద్రి తన ‘వ్రతఖండం’లోని రాజప్రశస్తిలో ఈ యుద్ధాన్ని మరోవిధంగా చిత్రించాడు. మహాదేవుడు స్త్రీలను, బాలురను, శరణన్నవారిని చంపడనీ, అది ఎరిగిన ఆంధ్రులు భయంతో ఒక స్త్రీని సింహాసనంపై కూర్చోబెట్టారనీ అతని కథనం. తెలుంగు రాజు ఏనుగులను, పంచవాద్యాలను మహాదేవుడు హరించి, స్త్రీ అన్న కారణంతో రుద్రమను విడిచిపెట్టాడని కూడా చెప్పాడు.

ఈ కథనంలో గమనించదగిన అంశం ఒకటుంది. ప్రత్యర్థిని బంధించలేకపోయిన వాస్తవానికి కవి వెదకిన సమర్థన ఆమె స్త్రీత్వం. రుద్రమ చేజిక్కలేదన్నది ఇందులో మిగిలే సమాచారం. ఔదార్యమన్నది దానికి చేసిన అలంకారం. దీనికి ఎదురుగా బీదరు కోటలో లభించిన శిథిల శాసనం రుద్రమ బిరుదులను పేర్కొంటుంది. సేవుణ రాజ్యపు అంచున ఆమె శాసనం నిలవడం ఓడిన పక్షానికి సాధ్యమయ్యే పని కాదు. ఆమె బిరుదులలో ‘రాయగజకేసరి’ ముఖ్యమైనది. ఓరుగల్లు కోటలో సింహంపై ఖడ్గధారియైన స్త్రీమూర్తి శిల్పాన్ని పండితులు ఈ బిరుదుతో అన్వయించారు. శాసనం పురుషనామంలో చెప్పినదాన్ని శిల్పం స్త్రీరూపంలోనే చూపింది.

కొల్లేటి అంచున ఉన్న కైకలూరు ప్రాంతంలోని రాచపట్నంలో సేవుణుల బంగారు నాణేల నిధి దొరికింది. యుద్ధానంతరం సేవుణులు చెల్లించిన ధనం కాకతీయ సైనికులకు పంపిణీ అయిందనడానికి దీన్ని చరిత్రకారులు సాక్ష్యంగా చూపారు. వర్తకం ద్వారా కూడా నాణేలు రావచ్చు కనుక ఈ నిధి ఒక్కటే విజయాన్ని నిరూపించదు. బీదరు శాసనంతో కలిపి చదివినప్పుడే దానికి బలం చేకూరుతుంది.

నేతృత్వమా, యుద్ధమా?

కళింగ గాంగుల దండయాత్రను వేంగి సీమలో ఎదుర్కొన్నవారు పోతినాయకుడు, ప్రోలినాయకుడు. ‘గజపతి మత్తమాతంగ సింహ’, ‘ఒడ్డియరాయ మానమర్దన’ వంటి బిరుదులు వారికి దక్కాయి. సేనాపతులు పోరాడారు కనుక రాణిది నామమాత్రపు అధికారమేనన్న వాదం ఇక్కడ తలెత్తవచ్చు. అయితే ఇదే కొలమానాన్ని గణపతిదేవునికి ఎవరూ వర్తింపజేయరు. కొలనును సాధించడంలో మంత్రులు, దండనాయకులు పాల్గొన్నా ఆ విజయం రాజుదిగానే చరిత్రలో నిలిచింది.

నల్లగొండ జిల్లా చందుపట్లలో లభించిన 1289 నవంబరు 27 నాటి శాసనం రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందిన సందర్భంలో పువ్వుల ముమ్మడి చేసిన భూదానాన్ని తెలుపుతుంది. రాణి, సేనాని ఒకేసారి మరణించినట్లు కనబడటం వల్ల, కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధంలో ఆమె నేలకొరిగిందని పరిశోధకులు ఊహించారు. ఊహ బలమైనదే. కాని శాసనం యుద్ధాన్ని పేర్కొనలేదు. వార్ధక్యంలో రణరంగాన మరణించిన స్త్రీ అన్న చిత్రం ఎంత ఆకర్షణీయమైనా, శాసనం చెప్పినదాన్నీ మనం జోడించినదాన్నీ వేరుచేసి చూపడం పరిశోధకుని బాధ్యత.

ముగింపు

స్వపక్ష శాసనం రుద్రమను రాజుగా చెప్పి స్త్రీని పక్కన పెట్టింది. శత్రుపక్ష ప్రశస్తి స్త్రీని చెప్పి సేనాధిపత్యాన్ని పక్కన పెట్టింది. ఈ రెండు మౌనాలను ఒకదానితో ఒకటి పూరించి చదివినప్పుడే సైన్యాన్ని శాసించిన స్త్రీ మనకు కనబడుతుంది. రుద్రమ సైనిక ప్రతిష్ఠ నిలవడానికి ఆమె స్వయంగా ఖడ్గం దూసిందని నిరూపించనవసరం లేదు. మూడు దశాబ్దాలకు దగ్గరగా నాయకులను తన ఆజ్ఞకు కట్టుబడి ఉంచడమే అందుకు తగిన ప్రమాణం. పురుష పాలకులకు వర్తించే కొలమానాన్ని ఆమెకూ వర్తింపజేయడం చరిత్ర రచనకు కనీస న్యాయం.