హోటళ్ళు పెరిగాయి, హాళ్ళు తగ్గాయి

మా పేటలో కొందరు విద్యార్థులు ఒక సాహిత్యగోష్ఠి జరుపుకోవాలనుకున్నారు. ముప్ఫై మంది కూర్చునే గది వుంటే చాలు. ఫంక్షన్ హాలువారు పెళ్ళి లెక్కన అద్దె చెప్పారు. బడివారు, సాయంత్రం గేటు తాళం తీయడం కుదరదన్నారు. కొత్తగా వెలిసిన కాఫీ దుకాణంవారు మాత్రం మర్యాదగా ఆహ్వానించారు. కాని మనిషికి ఇంత బిల్లు కావాలి, గంటన్నరలో బల్లలు ఖాళీ చేయాలి అన్నారు. చివరకు గోష్ఠి ఒక హాస్టలు డాబా మీద, సెల్‌ఫోను దీపాల వెలుతురులో జరిగింది. ఆ డాబా మీద నిలబడి లెక్కపెడితే ఆ ఒక్క వీధిలోనే పదకొండు తినుబండారాల దుకాణాలు కనిపించాయి. చదువుకునే గది ఒక్కటీ లేదు.

ఈ పరిస్థితిని చూసి పెద్దలు కొందరు, "ఈ కాలపు కుర్రవాళ్ళకు తిండి యావ తప్ప సంస్కృతి లేదు" అని తేల్చేస్తున్నారు. ఇది తప్పు నిదానం. రోగం కుర్రవాడి నాలుకలో లేదు, నగర నిర్మాణంలో వుంది. మనుషులు నలుగురితో కలిసి కూర్చోవాలని కోరుకుంటారు. ఆ కోరికను తీర్చే చోటు ఊళ్ళో ఏది మిగిలివుంటే అక్కడికే పోతారు. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న, "వాళ్ళెందుకు అక్కడికి పోతున్నారు?" అని కాదు, "వేరే చోట్లు ఎందుకు మాయమయ్యాయి?" అని. దీనికి జవాబు చరిత్రలో వెతకాలి.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. హోటలుకూ సంస్కృతికీ పుట్టుకతో వైరం లేదు. లండన్‌లో మొదటి కాఫీ దుకాణం 1652లో తెరిచారు. కొద్దికాలంలోనే అవి వార్తాపత్రికలు చదివే చోట్లుగా, రాజకీయాలు వాదించుకునే చోట్లుగా మారాయి. రెండవ చార్లెస్ రాజు వాటికి భయపడి 1675 డిసెంబరులో మూసివేత ఉత్తర్వు జారీచేశాడు. వ్యతిరేకత చూసి కొద్ది రోజులకే ఉపసంహరించుకున్నాడు. ఐతే ఆ కాఫీ దుకాణాల నుంచే లాయిడ్స్ భీమా వ్యాపారం కూడా పుట్టిందని మరువరాదు. ఎదుగుతున్న వర్తకవర్గానికి అప్పుడు తనదైన బహిరంగ వేదిక అవసరమైంది. ఆ అవసరమే కాఫీ దుకాణానికి చరిత్రలో స్థానం ఇచ్చింది.

మన దేశంలో హోటలు చరిత్ర ఇంకా జటిలమైనది. దక్షిణాది పట్టణాలలో కాఫీ హోటలు కులం గోడలతోనే పుట్టింది. "బ్రాహ్మణ హోటలు" అన్న బోర్డు మద్రాసు నగరంలో స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళకు కూడా వేలాడుతూనే వుంది. 1957లో పెరియార్ అనుచరులు దాని మీద ఆందోళన నడపవలసివచ్చింది. మన పల్లెల టీ దుకాణాలలో దళితులకు వేరే గ్లాసు పెట్టే "రెండు గ్లాసుల పద్ధతి" సంగతి తెలియనివారు లేరు. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలూ, హోటళ్ళూ, వినోదశాలలూ ఒకే వాక్యంలో పేర్కొని, కులం, మతం పేరిట ఎవరినీ అక్కడ అడ్డగించరాదని శాసించింది. రాజ్యాంగ నిర్మాతలకు ఈ రెండింటి బంధుత్వం తెలుసు. కలిసి తినడం, కలిసి చూడడం, కలిసి వినడం ఒకే ప్రజాస్వామిక హక్కుకు భిన్నరూపాలు.

హైదరాబాదులో ఇరానీ హోటలు సాధించినది ఇదే. పందొమ్మిదవ శతాబ్దం చివరా, ఇరవయ్యవ శతాబ్దం మొదటా ఇరాన్ నుంచి వలసవచ్చినవారు బొంబాయి, పూనాల మీదుగా ఈ నగరానికి చేరారు. నాలుగు రోడ్ల కూడలిలో, పాలరాతి బల్లలతో, చెక్క కుర్చీలతో వెలసిన ఆ హోటళ్ళలో రిక్షా కార్మికుడూ, గుమాస్తా, విద్యార్థీ, కవీ పక్కపక్కనే కూర్చునేవారు. నీ మతమేదని ఎవరూ అడిగేవారు కాదు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలు మఖ్దూం మొహియుద్దీన్‌కూ, ఆయన మిత్రులైన ఉర్దూ రచయితలకూ, పత్రికా విలేఖరులకూ సాయంకాలపు నెలవు. ఆ హోటలు ఇప్పుడు లేదు. అలాంటివి చాలా లేవు. ఒక చాయ్ తాగి రెండు గంటలు కూర్చునే వెసులుబాటు వుండబట్టే అక్కడ కవిత్వం పుట్టింది. ఆ వెసులుబాటు యజమాని ఔదార్యం వల్ల మాత్రమే వచ్చింది కాదు; ఆ రోజుల్లో అద్దె తక్కువ కాబట్టి కూడా వచ్చింది. ఈ అద్దె సంగతి మళ్ళీ చూద్దాం.

ఇక రెండవ పాయ: గ్రంథాలయం, సభాశాల. 1901లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. కోస్తాలో 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం వచ్చాయి. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో జరిగిన మహాసభలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది. దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషి వుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. ప్రయాణికుడు పడవ ఎక్కితే పుస్తకం చేతికి వచ్చేది.

ఈ ఉద్యమాన్ని మనం ఆకాశానికెత్తనవసరం లేదు. దానికి చందాలిచ్చినవారిలో జమీందార్లూ, భూస్వాములూ, వకీళ్ళూ ఎక్కువ. చదివినవారిలో అగ్రకుల మధ్యతరగతి ఎక్కువ. వ్యవసాయ కూలీకి అక్షరమే అందని రోజుల్లో పుస్తకాల బీరువా అతనికి దూరంగానే వుంది. కాని ఒక సంస్థ పుట్టుక ఎవరి చేతుల మీదుగా జరిగింది అన్నదొక్కటే దాని చరిత్రకాదు; తర్వాత దాన్ని ఎవరు వాడుకున్నారు అన్నది కూడా చరిత్రే.

దీనికి హైదరాబాదే సాక్ష్యం. 1921 నవంబరులో వివేకవర్ధనీ థియేటరులో సంఘసంస్కార మహాసభ జరిగింది. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలిచేశారు. ఆ అవమానంతో తెలుగువారు ఆ రాత్రే సమావేశమై ఆంధ్రజనసంఘం స్థాపించుకున్నారు. గ్రంథాలయాలు నెలకొల్పడం ఆ సంఘం ముఖ్యాశయాలలో ఒకటి. ఆ సంఘం నుంచే 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ, ఆ మహాసభ నుంచే కాలక్రమాన తెలంగాణా రైతాంగ పోరాటానికి నాయకత్వం వచ్చాయి. ఒక హాలులో జరిగిన అవమానానికి మరొక గదిలో జరిగిన సమావేశం జవాబు చెప్పింది. ఆ గది దొరక్కపోతే? నిజాం ప్రభుత్వానికి ఈ ప్రశ్న బాగా తెలుసు. అందుకే అనుమతి లేనిదే సభ జరపరాదంటూ గస్తీ నిషాన్ 53 జారీచేసింది. పాలకులు గదులకు భయపడతారు.

అప్పుడు ఫర్మానా చేసిన పనిని ఇప్పుడు అద్దె చేస్తున్నది. ఈ వ్యాసంలో నా ముఖ్య ప్రతిపాదన ఇదే.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి హైదరాబాదు పడమటికి పెరిగింది. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రం, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం అన్నీ పాత నగరంలోనూ, నడిబొడ్డులోనూ వున్నాయి. పడమటి నగరంలో భారీ కార్యక్రమాల కోసం శిల్పకళావేదిక వంటివి కట్టారు. ముప్ఫై మంది నాటకం రిహార్సలు వేసుకునే గది మాత్రం ఎవరూ కట్టలేదు. కొత్త భవనాలలో వాహనాలు ఎన్ని నిలపాలో లెక్క కచ్చితంగా వుంటుంది. ఇంతమంది జనాభాకు ఒక పఠనాలయం వుండాలన్న లెక్క అమలులో ఎక్కడా కనిపించదు.

భూమి ధర పెరిగినకొద్దీ చదరపుటడుగు ఒక్కొక్కటీ తన అద్దె తానే సంపాదించుకోవాలి. నాటకశాల రోజుకు మూడు గంటలు పనిచేస్తుంది. తినుబండారాల దుకాణం పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా పనిచేస్తుంది. తలుపు వేశాక కూడా ఇళ్ళకు పంపే ఆర్డర్ల మీద పొయ్యి మండుతూనే వుంటుంది. అద్దె పోటీలో గెలిచేదెవరో చెప్పడానికి గణితశాస్త్రం అవసరం లేదు. గెలిచిన దుకాణం కూడా నిలకడగా వుండదు. బార్కాస్‌లో యెమెనీ సంతతివారి ఇళ్ళలో తరాలుగా వండుకున్న మండీ ఇవాళ ప్రతి పట్టణంలోనూ బోర్డయింది. ఈ యేడు మండీ, మరుసటి యేడు మరొకటి. ఫోటో తీసుకోవడానికి గోడ, కూర్చోవడానికి గంట, లేవడానికి బిల్లు. ఇరానీ హోటలు కూర్చోబెట్టి బతికింది. కొత్త దుకాణం లేపి బతుకుతుంది.

దాని వెనుక గదిలో అంట్లు తోమే ఒడిశా కుర్రవాడూ, దాని ముందు మోటారు సైకిలు మీద ఎదురుచూసే డెలివరీ కార్మికుడూ వున్నారు. తిండి దుకాణాల మీద మనకు కోపం వస్తే ఆ కోపం వీళ్ళ మీదికి పోకూడదు. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసినప్పుడు, ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఆ కార్మికులే సహకార సంఘాలు పెట్టి వాటిని నడిపారు. ఇండియన్ కాఫీ హౌస్ అలా బతికింది. కలకత్తా కాలేజీ వీధిలో, ఒకనాటి ఆల్బర్ట్ హాలులో, ఆ కాఫీ హౌసు బల్లల దగ్గర తరాల తరబడి పత్రికలు పుట్టాయి. తిండీ, సంస్కృతీ ఒకే కప్పు కింద ఇమడగలవు. దాని యజమాని ఎవరన్నదే ప్రశ్న. బంజారాహిల్స్‌లో ఒక కుటుంబం తన ఇంటిని అప్పగించగా 2010లో వెలసిన లామకాన్ కూడా ఈ సంగతే చెబుతున్నది: అక్కడ చవక చాయ్ వుంది, నాటకమూ వుంది. కాని కోటి మందికి మించిన జనాభా ఒక కుటుంబం ఔదార్యం మీద ఆధారపడి వుండలేదు.

మరి ప్రభుత్వానికి బాధ్యత లేదా? వుంది, చట్టంలోనే వుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నుతో పాటు, రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే మన వీధిలోని ప్రతి ఇంటివారూ, అద్దె రూపంలో ప్రతి హాస్టలు విద్యార్థీ గ్రంథాలయానికి డబ్బు చెల్లిస్తూనే వున్నారు. పురపాలక సంస్థలు ఆ సొమ్ము వసూలుచేసి, గ్రంథాలయ సంస్థలకు జమకట్టకుండా బకాయిలు పెట్టడం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పాత కథ. వున్న గ్రంథాలయాలలోకి వెళ్ళి చూడండి: పోటీ పరీక్షల విద్యార్థులు సొంత పుస్తకాలు తెచ్చుకుని, చెట్ల కింద కూడా కూర్చుని చదువుతున్నారు. చోటు కోసం ఆకలి ఎంత వుందో చెప్పడానికి ఇంతకన్న రుజువు అక్కర్లేదు.

కాబట్టి మనం చేయవలసిన పని హోటళ్ళను తిట్టడం కాదు. మొదటిది, మన పురపాలక సంస్థ గ్రంథాలయ పన్ను ఎంత వసూలుచేసింది, ఎంత జమకట్టింది అన్నది సమాచార హక్కు చట్టం కింద అడగాలి. అడిగి ఆ అంకెలు వీధిలో గోడ మీద రాయాలి. రెండవది, సాయంత్రం అయిదు తర్వాత తాళం పడే ప్రభుత్వ పాఠశాలల గదులు బస్తీ ప్రజలకు, నామమాత్రపు రుసుముకు ఇవ్వాలని కోరాలి. ఆ గదులకు ఉపాధ్యాయులే మొదటి సాక్షులు. ఈ కోరిక వారి సంఘాల తీర్మానాలలోకి ఎక్కాలి. మూడవది, హోటలు కార్మికుల సంఘాలతో కలవాలి. పన్నెండు గంటల పనిదినం వున్నవాడికి హాలు కట్టించినా ప్రయోజనం లేదు. అతనికి ముందు సాయంత్రం కావాలి.

డాబా మీద గోష్ఠి ముగిశాక, ఎదురుగా వున్న దుకాణంలో పనిచేసే కుర్రవాడొకడు మెట్ల దగ్గర నిలబడి వింటూ కనిపించాడు. లోపలికి రమ్మంటే, "డ్యూటీ వుంది సార్, మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అని అడిగాడు. మేము తేదీ చెప్పలేకపోయాం, ఎందుకంటే మాకు చోటు లేదు.