పాట కొట్టేసేలోపు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం చూసినవాళ్లకి ‘పాట’ అన్న మాటకున్న రెండో అర్థం తెలుసు. చేపలు కొనే ఆడవాళ్లు అక్కడ ధర చెప్పరు, పాడతారు. ఒకామె పాడినదాని మీద ఇంకొకామె పాడాలి. క్షణం తటపటాయిస్తే పాట కొట్టేస్తారు, సరుకు వేరొకరి తట్టలోకి పోతుంది.

‘ప్రాజెక్ట్ బ్లోడ్’ అనే హిప్‌హాప్ సంకలనం మొదటిసారి విన్నప్పుడు నాకు ఈ వేలమే గుర్తొచ్చింది. 1990ల నడుమ లాస్ ఏంజెలెస్ నల్లజాతి యువకులు పెద్ద కంపెనీల గడప తొక్కకుండా సొంతంగా వేసుకున్న ఆల్బమ్ అది. ఒకరి మాట తెగకముందే ఇంకొకరు అందుకుంటారు. దాని కథ చెప్పేవాళ్లు ఏసీఅలోన్, అబ్‌స్ట్రాక్ట్ రూడ్‌లతో మొదలుపెడతారు. వాళ్ల కష్టాన్ని కాదనను. కానీ ఆ కథ ఒక తల్లి పెట్టిన షరతు దగ్గర మొదలవుతుందని నా వాదన.

సౌత్ సెంట్రల్ ప్రాంతంలో ‘గుడ్ లైఫ్’ అని ఒక ఆరోగ్యాహార దుకాణం, దానికో కెఫే. 1989 డిసెంబరులో బి. హాల్ అనే ఆమె తన కొడుకుతో కలిసి అక్కడ గురువారం రాత్రుళ్లు ఎవరైనా వచ్చి పాడే వేదిక తెరిచింది. బూతు మాట రాకూడదు, అదీ షరతు. పాట పేలవంగా ఉంటే ‘దయచేసి మైకు ఇచ్చెయ్’ అని సభంతా అరిచేది. ఆ కాలాన్ని గుర్తు చేసుకోండి. 1988లో వచ్చిన ఎన్‌డబ్ల్యూఏ ఆల్బమ్ తర్వాత, ఆడదాన్ని తిట్టే మాట రికార్డు కంపెనీలకు మంచి సరుకైపోయింది.

నిజం చెప్పాలంటే ఆ షరతు నన్ను ఇబ్బంది పెట్టింది. ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ వచ్చింది 1993లో, దాదాపు ఆ రోజుల్లోనే. శరీరం గురించి రాసినందుకు మన కవయిత్రుల మీద అశ్లీలమన్న ముద్ర వేశారు. మాట మీద నిషేధం అంటే ఒళ్లు మండే అనుభవం మనది. మరి హాల్ పెట్టిన నిషేధాన్ని ఎలా ఒప్పుకోను? చాలా రోజులు తేలలేదు. ఎవరి మాటను ఎవరు ఆపుతున్నారన్న దగ్గరే తేడా ఉందనిపిస్తోంది. అక్కడ ఆగింది ప్రధానంగా స్త్రీ తన ఒంటి గురించి చెప్పుకునే మాట కాదు, ఆమెను తిట్టే మాట. అయినా, ఆడపిల్లల కోపం కూడా కొంత ఆగే ఉంటుంది కదా అన్న శంక నాలో పోలేదు.

ఆ గదిలో మగవాళ్లే ఎక్కువ. మెడూసా అక్కడే గొంతు విప్పింది. ‘ఫిగర్స్ ఆఫ్ స్పీచ్’ అని ఇద్దరమ్మాయిల జట్టూ నిలబడింది. 1994లో ఆ గుంపులో చాలామంది లైమర్ట్ పార్కులో బెన్ కాల్డ్‌వెల్ నడిపే కేయాస్ నెట్‌వర్క్‌కు మారి ‘ప్రాజెక్ట్ బ్లోడ్’ మొదలుపెట్టారు. ఆ పేరుతోనే వచ్చిన సంకలనంలో ఈ అమ్మాయిల పాట ఉంది. జట్టులో ఒకామె ఆవా డువెర్నే. మనలో చాలామందికి ఆమె 2014 నాటి ‘సెల్మా’ దర్శకురాలు. అంతకు చాలా ముందే, 2008లో, గుడ్ లైఫ్ మీద ‘దిస్ ఈజ్ ద లైఫ్’ అనే డాక్యుమెంటరీ తీసింది. తను పాడిన గది చరిత్రను తనే కూర్చి పెట్టుకుంది.

మొన్న హార్బర్‌లో తెలిసినామెకి ఆ పాట ఫోన్‌లో వినిపించాను. “ఏటంటన్నారమ్మా ఆలు?” అనడిగి, జవాబు చెప్పేలోపే చెయ్యెత్తి ఆగమంది. అవతల బోటులోంచి వంజరం గంపలు దించుతున్నారు. పాట మొదలైంది.