స్కీయింగ్ సామాన్య కుటుంబాలకు అందుబాటులో ఉందా?

మంచు వాలులపై పొడవాటి పలకలను కాళ్లకు బిగించుకుని జారే క్రీడ స్కీయింగ్. జమ్మూకశ్మీర్‌లోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ, హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలంగ్ లోయ దేశంలో దీనికి ప్రధాన కేంద్రాలు.

ఇందులో ఖర్చు ఒకే పద్దు కింద రాదు. ప్రయాణం, బస, పరికరాల అద్దె, శిక్షకుడి రుసుము, కేబుల్ కారు టికెట్ వేర్వేరుగా చెల్లించాలి. గది అద్దె మినహా చాలావరకు తలకు ఇంత చొప్పున లెక్కించేవే. దాంతో నలుగురున్న కుటుంబంపై భారం ఆ మేరకు పెరుగుతుంది. హైదరాబాద్, విజయవాడ వంటి దూర నగరాల వారికి రాకపోకల వ్యయమే పెద్ద పద్దు.

ప్రభుత్వ సంస్థల కోర్సులు కొంత ఊరట. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయీ పర్వతారోహణ సంస్థ శిక్షణ ఇస్తున్నాయి. ఇలాంటి కోర్సుల్లో సాధారణంగా శిక్షణ, పరికరాలు, వసతి, భోజనం ఒకే రుసుములో కలిసి ఉంటాయి. అయితే ఇవి రోజుల తరబడి సాగుతాయి. సెలవు దొరకని ఉద్యోగికి, రోజు కూలీకి ఆ సమయమే అసలు ఖర్చు.

మంచుపైనా భరోసా లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు బోసిపోయాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. ముందే టికెట్లు కొన్న కుటుంబానికి ఆ నష్టం తట్టుకోవడం కష్టం.

2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ నుంచి బరిలో దిగిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్‌ది గుల్మార్గ్ ప్రాంతమే. వాలు పక్కనే పెరిగినవారికి ఇది నిత్య సాధన. మైదాన ప్రాంతాల మధ్యతరగతికి మాత్రం ఏళ్లపాటు పొదుపు చేసి ఒకసారి చేసే యాత్ర.