తల పగిలే మాట

కరీంనగర్‌లో నేను పనిచేసే కార్యాలయంలో ఆ మధ్య ఉద్యోగులందరి ఫోన్లలోకీ ఒక ధ్యానపు యాప్ వచ్చి చేరింది. మా మానసిక ఆరోగ్యం కోసం పైవారు చేసిన ఏర్పాటట. ఉదయం పది నిమిషాలు కళ్ళు మూసుకొమ్మని ఒక మృదువైన గొంతు చెబుతుంది. ఆ పది నిమిషాలలోనే, అదే ఫోనులో, నిన్నటి నివేదిక ఏమయిందని పై అధికారి సందేశం మ్రోగుతుంది. పక్క బల్ల మిత్రుడు ఒకనాడు కణతలు నొక్కుకుంటూ "తల పగిలిపోతోందండీ" అన్నాడు. ఆ మాటతో నాకు బావరి గుర్తుకు వచ్చాడు.

బావరి కథ పాలి వాఙ్మయంలోని సుత్తనిపాతంలో, పారాయణ వర్గం మొదట ఉన్నది. ఆయన కోసల దేశం నుండి దక్షిణాపథానికి వచ్చి, అస్సకమనే అశ్మక రాజ్యంలో గోదావరి ఒడ్డున, ఏరుకున్న గింజలతోనూ పండ్లతోనూ జీవించిన బ్రాహ్మణుడు. నది రెండు పాయలై ఏర్పడిన లంకలో ఆయన ఆశ్రమం ఉండేదని వ్యాఖ్యానం చెబుతుంది. ఆ లంక పూర్వపు ఆదిలాబాదు జిల్లా, ఇప్పటి నిర్మల్ జిల్లాలో ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తియే అని మన ప్రాంత చరిత్రకారులు కొందరి అభిప్రాయం. రుజువయిందని అనలేను గాని, నమ్మాలని మాత్రం నాకు ఉంటుంది.

బావరి మహాయజ్ఞం చేసి, ఉన్నదంతా దానం ఇచ్చివేసి ఆశ్రమానికి తిరిగి వచ్చాడు. అంతలో దుమ్ము కొట్టుకొన్న కాళ్ళతో మరొక బ్రాహ్మణుడు వచ్చి అయిదువందల నాణేలు అడిగాడు. లేవన్నాడు బావరి. ఇవ్వకపోతే ఏడవనాటికి నీ తల ఏడు వ్రక్కలవుతుందని శపించాడు వచ్చినవాడు. బావరి అన్నం మానివేశాడు, చిక్కిపోయాడు. ఇక్కడ కథకుడు చెప్పిన చిన్న సంగతి ఒకటి నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది: ఆ దుఃఖంలో బావరి మనస్సుకు ధ్యానం రుచించలేదట! ధ్యానం తెలియనివాడు కాదు, జీవితమంతా అదే పనిగా ఉన్నవాడు. నెత్తిన గడువు వ్రేలాడుతుండగా ఆ విద్య ఆయనకు అక్కరకు రాలేదు.

ఒక దేవత వచ్చి, శపించినవాడు డబ్బు కోసం వేషం వేసిన మోసగాడనీ, తల అంటే ఏమిటో వాడికే తెలియదనీ చెప్పింది. తెలిసినవాడు బుద్ధుడొక్కడే అన్నది. అప్పుడు బావరి శిష్యులు పదహారుగురు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా మగధ వరకూ గురువు కోసం నడిచారు. బుద్ధుడిచ్చిన సమాధానం: అవిద్యయే తల, శ్రద్ధ, స్మృతి, సమాధి, ఛందం, వీర్యాలతో కూడిన విద్యయే దానిని పగలగొట్టేది.

ఆ మార్గం తరువాత మన గడ్డమీద బాగానే వేళ్ళూనింది. పూర్వపు కరీంనగర్ జిల్లా ధూళికట్ట స్తూపం వద్ద దొరికిన సున్నపురాతి ఫలకాలలో ముచలింద నాగం ఉన్నది. గాలివానలో ధ్యానంలో ఉన్నవానికి పడగ పట్టిన నాగం అది. కూర్చొమ్మని చెప్పడంతో ఊరుకోక, వాన తగలకుండా చూసినది కదా అని ఒక్కోసారి అనుకుంటాను.

కార్యాలయంలో ధ్యానం కొత్త సంగతేమీ కాదు. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన 1948 జనవరి 4ననే అకౌంటెంట్ జనరల్ అయిన ఊ బా ఖిన్, కొద్ది ఏళ్ళకే తన కార్యాలయంలోని ఒక గదిలో ఉద్యోగులకు విపస్సన నేర్పాడు. అధికారి తానే ముందు సాధకుడు. 1955లో సత్యనారాయణ గోయెంకా అనే వ్యాపారి భరించలేని పార్శ్వపు తలనొప్పితో ఆయన దగ్గరకు వెళ్ళాడు. మళ్ళీ తలే! కేవలం తలనొప్పి నయం కావడానికే అయితే చేర్చుకోనని ఊ బా ఖిన్ అన్నాడు. ఆ విద్యను అంత చవక చేయడం ఆయనకు ఇష్టం లేదు. గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చాడు. 1976లో హైదరాబాదు దగ్గర, నాగార్జునసాగర్ దారిలో ధమ్మఖేత్త కేంద్రం వెలసింది. అక్కడ పది రోజుల శిక్షణలో ఫోను దగ్గర ఉంచుకోనివ్వరు.

ఇక యాప్‌ల సంగతి. 2010లో లండన్‌లో మొదలైన హెడ్‌స్పేస్ వెనుక ఉన్నది ఆండీ పుడికోమ్ అనే మాజీ బౌద్ధ భిక్షువు. పేరులో తల అక్కడా ఉన్నది. ఆ విద్యను నేను తక్కువ చేయను. రాత్రి నిద్ర పట్టనప్పుడు ఆ గొంతు నాకు కూడా పనికి వచ్చింది. నా పేచీ వేరు. అయిదువందలు అడిగేదీ, శాంతించమని చెప్పేదీ ఒకే చేయి అయినప్పుడు ఆ శాంతి బావరికి అందనట్లే మాకూ అందడం లేదు.

గోదావరిఖనిలో గనిలోకి దిగే మా బావగారితో ఇదంతా చెబితే నవ్వి, "మేము ఫోను పైననే పెట్టి దిగుతాం గద" అన్నారు.

మా మిత్రుడి నివేదిక నిన్న సాయంత్రానికీ పూర్తి కాలేదు. ఇద్దరం చెరి సగం పంచుకొని కూర్చున్నాము. మధ్యలో రెండు ఫోన్లలోనూ ధ్యానపు గంట మ్రోగింది. ఎవరమూ తీయలేదు. ఎనిమిదిన్నరకు పని ముగించి, టవర్ సర్కిల్ దగ్గర చాయ్ త్రాగి ఇళ్ళకు వెళ్ళాము.