కుతుబ్‌షాహీ రాజకుమార్తెలు – వంశ వివాహాలు

గోల్కొండను 1518 నుంచి 1687 వరకు ఏలిన కుతుబ్‌షాహీల రాజనీతిలో వియ్యాలకు పెద్దపీట ఉండేది. పొరుగు సుల్తానులతో పొత్తు కుదుర్చుకోవడానికి, సింహాసనానికి వారసుణ్ని నిలపడానికి, చివరి దశలో మొఘలుల దాడి నుంచి గట్టెక్కడానికి వారు పెళ్లిళ్లనే ఆశ్రయించారు. ఆ కోడళ్లు, కూతుళ్లలో కొందరు రాజ్య వ్యవహారాలను స్వయంగా నడిపారు.

పొత్తుల వియ్యాలు

దక్కన్ సుల్తానులు తరచూ ఒకరితో ఒకరు పోరాడుకునేవారు. విజయనగరంపై ఏకమయ్యే ముందు వారు సంబంధాలు కలుపుకొన్నారు. అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాంషా ఒక కూతురు చాంద్‌బీబీని బీజాపూరు అలీ ఆదిల్‌షాకు, మరో కూతురు బీబీ జమాల్‌ను గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాకు ఇచ్చాడు. చాంద్‌బీబీకి షోలాపూర్ కోట కట్నంగా వెళ్లింది. 1565 జనవరిలో రక్కసతంగడి యుద్ధంలో ఈ వియ్యంకులంతా ఒకే పక్షాన నిలిచారు. తర్వాత గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ చెల్లెలు బీజాపూరు రెండో ఇబ్రహీం ఆదిల్‌షాను పెళ్లాడింది. 1633లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా చెల్లెలు ఖదీజా సుల్తానా అదే వంశానికి చెందిన మహమ్మద్ ఆదిల్‌షా భార్య అయింది. భర్త పోయాక ఆమె బీజాపూరు దర్బారులో బడీ సాహెబాగా పలుకుబడి సాగించింది.

హయాత్ బక్షీ బేగం

హైదరాబాద్ నగర నిర్మాత మహమ్మద్ కులీకి కొడుకులు లేరు. కూతురు హయాత్ బక్షీ బేగంను 1607లో తన తమ్ముడి కొడుకు మహమ్మద్‌కు ఇచ్చి పెళ్లి చేయడంతో సింహాసనం వంశంలోనే నిలిచింది. మహమ్మద్ 1612లో గద్దెనెక్కి 1626లో మరణించాడు. అప్పటికి కొడుకు అబ్దుల్లా పన్నెండేళ్ల వాడు. ఆ కుర్ర సుల్తాను వెనుక ఉండి పాలన సాగేలా చూసింది తల్లే.

1656లో ఔరంగజేబు సేనలు హైదరాబాద్‌ను దోచి, గోల్కొండ కోటను ముట్టడించాయి. హయాత్ బక్షీ స్వయంగా మొఘల్ శిబిరానికి వెళ్లి సంధి మాట్లాడింది. ఒప్పందం ప్రకారం అబ్దుల్లా భారీ మొత్తం చెల్లించడానికి ఒప్పుకున్నాడు. కూతుళ్లలో ఒకరిని ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చాడు. రామగిరి కోట కట్నంగా పోయింది. అబ్దుల్లాకూ కొడుకులు లేనందున, అతని తర్వాత రాజ్యం ఈ అల్లుడికి దక్కాలన్న షరతు కూడా పెట్టారు. కానీ మొఘల్ వారసత్వ పోరులో మహమ్మద్ సుల్తాన్ 1659లో పెదతండ్రి షూజా పక్షం చేరి, తిరిగొచ్చాక తండ్రి చేతిలో బందీ అయ్యాడు. ఆ షరతు నెరవేరలేదు.

అల్లుళ్ల పోటీ

1672లో అబ్దుల్లా మరణించగానే మిగిలిన ఇద్దరు అల్లుళ్లు, నిజాముద్దీన్ అహ్మద్, అబుల్ హసన్, గద్దె కోసం తలపడ్డారు. అమీర్ల అండతో అబుల్ హసన్ గెలిచి తానాషాగా ప్రసిద్ధుడయ్యాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించడంతో వంశ పాలన ముగిసింది.

ఆనవాళ్లు

హయాత్ బక్షీ 1667లో మరణించింది. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఆమె సమాధి సుల్తానుల సమాధులకు దీటుగా నిలిచింది. పక్కనే పెద్ద మసీదు ఉంది. హయత్‌నగర్‌కు ఆమె పేరే పెట్టారు. ప్రజలు మాసాహెబా అని పిలిచిన ఆమె చెరువు నుంచే మాసబ్‌ట్యాంక్ పేరు వచ్చింది. పంజాగుట్టకు ఆనుకుని ఉన్న ఖైరతాబాద్ మరో రాజకుమార్తె ఖైరున్నిసా బేగం పేరిట వెలిసింది.