ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్: చరిత్ర, ఎంపిక

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, వాడుకలో ఏటీఎఫ్, తనంతట తానే గేర్లు మార్చుకునే వాహనాల గేర్‌బాక్సులో పోసే ద్రవం. మామూలు గేర్ ఆయిల్‌కు పళ్లచక్రాలు అరిగిపోకుండా చూడటమే పని. ఏటీఎఫ్‌కు ఆ పని ఉంటూనే ఇంకా చాలా బాధ్యతలు ఉన్నాయి. ఇంజిన్ శక్తిని టార్క్ కన్వర్టర్‌లో తానే మోసుకెళ్లి చక్రాల వైపు అందించాలి. ఒత్తిడితో వాల్వులను, పిస్టన్లను కదిలించి గేరు మార్చాలి. వేడిని కూలర్ దాకా తీసుకెళ్లాలి. క్లచ్ ప్లేట్లు ఎంతసేపు జారాలో, ఏ క్షణాన పట్టుకోవాలో కూడా అదే తేల్చాలి. అసలు చిక్కు ఈ చివరి పనిలోనే ఉంది. జారుడు కోసం పోసే నూనె పట్టు కూడా ఇవ్వాలి. అందుకే ఏటీఎఫ్‌ను నూనె అనుకోవడం కన్నా గేర్‌బాక్సులో ఒక విడిభాగం అనుకోవడం మేలు. గేర్‌బాక్సు గీసిన ఇంజనీరే దీని లెక్క కూడా వేసి ఉంటాడు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులను కార్ల కన్నా ముందే గనుల డంపర్లలో చూసిన ఊళ్లలో కిరండూల్ ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో, బైలాడిలా కొండల పాదాన ఉన్న గనుల పట్టణం ఇది. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ 14వ నిక్షేపంలో 1968లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలుపెట్టింది. ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఈ ఊరిని ఉత్తరాంధ్రకు కట్టేసింది. ఆ దారినే వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. కార్లలో ఆటోమేటిక్ అన్నది మన రోడ్లపై అరుదుగా ఉన్న రోజుల్లోనే గనుల డంపర్లకు టార్క్ కన్వర్టర్, ప్లానెటరీ గేర్లు ఉండేవి. పదుల టన్నుల రాయి మోసే బండికి కాలితో క్లచ్ తొక్కి గేరు మార్చడం కుదిరే పని కాదు.

ఈ గేర్‌బాక్సుల చరిత్ర ఓడలతో మొదలైంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో, ఆవిరి టర్బైన్ వేగాన్ని ఓడ ప్రొపెల్లర్‌కు సరిపడేలా తగ్గించడానికి, ద్రవం ద్వారా శక్తిని అందించే పరికరానికి పేటెంటు పొందాడు. దాన్ని కారులోకి, అదీ పెద్ద ఎత్తున, తెచ్చింది జనరల్ మోటార్స్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లకు హైడ్రామాటిక్ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ను అమర్చింది. అదే పెట్టె రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ తేలికపాటి టాంకుల్లోనూ తిరిగింది. తొలి హైడ్రామాటిక్‌లో పోసింది దాదాపు ఇంజిన్ ఆయిలే. అది వేడికి చిక్కబడేది, నురగ కట్టేది. 1949లో జనరల్ మోటార్స్ ఆటోమేటిక్ గేర్‌బాక్సులకంటూ టైప్-ఏ అనే ప్రమాణం ప్రకటించింది. పరీక్షలో నెగ్గిన ప్రతి ఆయిల్ డబ్బా మీదా ఒక అర్హత సంఖ్య ముద్రించేవారు. చాలా మెకానిక్‌లు ఏటీఎఫ్‌ను గుర్తుపట్టే ఎరుపు కేవలం కలిపిన రంగు. కారు కింద కారిన మరక ఇంజిన్ ఆయిల్‌దా గేర్‌బాక్సుదా అని తేల్చుకోవడానికి పనికొస్తుంది. నాణ్యతకు దానితో సంబంధం లేదు.

ఆ కాలపు ఏటీఎఫ్‌లో ఇప్పుడు వింతగా తోచే సరుకు ఒకటుండేది: స్పెర్మ్ తిమింగలం నూనె. అందులోని మైనపు ఎస్టర్లు లోహాన్ని అంటిపెట్టుకుని, క్లచ్ ప్లేట్లు కుదుపు లేకుండా మెత్తగా కలిసేలా చేసేవి. 1970ల మొదట్లో అమెరికా తిమింగలాల ఉత్పత్తులను నిషేధించడంతో రసాయన శాస్త్రవేత్తలు ప్రత్యామ్నాయాల వెంట పడ్డారు. హొహోబా గింజల నూనె మీద ఆసక్తి పెరిగింది కూడా అప్పుడే. తొందరలో చేసిన మార్పులు అన్నీ కలిసిరాలేదు. జనరల్ మోటార్స్ తెచ్చిన డెక్స్‌రాన్-2 అనే ప్రమాణపు ఆయిల్ తొలి రూపం కూలర్ అతుకులను తినేయడంతో దాన్ని కొన్నేళ్లకే సవరించాల్సి వచ్చింది.

అంతకుముందే రెండు కంపెనీలు రెండు దారులు పట్టాయి. 1967లో జనరల్ మోటార్స్ డెక్స్‌రాన్ పేరు తెచ్చింది. అదే ఏడు ఫోర్డ్ టైప్-ఎఫ్ ప్రకటించింది. డెక్స్‌రాన్‌లో ఘర్షణను తగ్గించే రసాయనాలు ఉంటాయి, క్లచ్ మెల్లగా జారి కలుస్తుంది. టైప్-ఎఫ్‌లో అవి లేవు, క్లచ్ చటుక్కున పట్టేస్తుంది. ఫోర్డ్ పెట్టెలో డెక్స్‌రాన్ పోస్తే ప్లేట్లు జారి జారి మాడేవి, జనరల్ మోటార్స్ పెట్టెలో టైప్-ఎఫ్ పోస్తే ప్రతి గేరుకూ బండి జర్కు కొట్టేది. రెండూ మంచి ఆయిళ్లే. ‘మంచి ఆయిల్ పోయించాను’ అన్న మాటకు ఏటీఎఫ్ విషయంలో అర్థం లేదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

తర్వాత ఇంధనం ఆదా చేయడానికి టార్క్ కన్వర్టర్‌లోనే ఒక లాకప్ క్లచ్ పెట్టారు. 1990లలో దాన్ని పూర్తిగా బిగించకుండా కావాలనే కాస్త జారనిచ్చే పద్ధతి వచ్చింది. ఆయిల్ గుణం పోతే ఆ క్లచ్ పట్టి వదిలి పట్టి వదిలి, బండి కంకర రోడ్డు మీద పోతున్నట్టు వణుకుతుంది. డెక్స్‌రాన్-3 1993లో వచ్చింది. 2005లో వచ్చిన డెక్స్‌రాన్-6 ఇంకా పలచన, కానీ ఉన్న చిక్కదనాన్ని ఎక్కువకాలం మార్పు లేకుండా నిలుపుకుంటుంది. డెక్స్‌రాన్-3కి లైసెన్సులివ్వడం 2006తో ఆగిపోయింది. ఇవాళ బజార్లో ‘డెక్స్‌రాన్-3’ అని దొరికే డబ్బాలో ఉన్నదానికి ఆ ప్రమాణం పెట్టిన కంపెనీ పూచీ లేదు. అది నాసిరకమని కాదు, హామీ అమ్మేవాడిదే అని.

జపాన్, కొరియా, జర్మనీ తయారీదారులు ఒక్కొక్కరూ తమ సొంత ప్రమాణాలు పెట్టుకోవడంతో పేర్లు పుట్టగొడుగుల్లా పెరిగాయి. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌కు టొయోటా డబ్ల్యూఎస్ కావాలి. హ్యుందాయ్ ఆరు గేర్ల పెట్టెకు ఎస్‌పీ-4 కావాలి, పేరు దగ్గరగా ఉన్నా పాత ఎస్‌పీ-3 దానికి పనికిరాదు.

భారతదేశంలో చిక్కు ఇంకోచోట ఉంది. ఇక్కడ ‘ఆటోమేటిక్’ అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు యంత్రాలు అమ్ముడవుతున్నాయి. 2014లో మారుతి సెలేరియోతో సామాన్యుడి బడ్జెట్లోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని ఒక హైడ్రాలిక్ అమరిక చేస్తుంది. అందులో పోయవలసింది మాన్యువల్ గేర్ ఆయిల్. ఆ అమరికకు విడిగా కొద్దిపాటి ద్రవం ఉంటుంది. ఏఎంటీ గేర్‌బాక్సులో ఎర్ర ఏటీఎఫ్ పోయడం పొరపాటు. సీవీటీలో ఒకటి, రెండు అని మార్చుకునే గేర్లే ఉండవు. ఉక్కు బెల్టు రెండు పుల్లీల మధ్య పట్టు తప్పకుండా తిరగాలి, కాబట్టి దాని ద్రవం లోహానికీ లోహానికీ మధ్య పట్టునివ్వాలి. హోండాకు హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌కు ఎన్‌ఎస్-3 వంటివి ఈ కోవలోవి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీ మీద గీతలు పడతాయి, ఆ నష్టం ఆయిల్ మార్చినా తీరదు. రెండు క్లచ్‌ల పెట్టెల్లో తడి క్లచ్ రకానికి ప్రత్యేక ద్రవం ఉంటుంది. పొడి క్లచ్ రకానికి గేర్ల ఆయిల్ వేరు, నియంత్రణ భాగపు ఆయిల్ వేరు. టార్క్ కన్వర్టర్ ఉన్న నాలుగో రకానికే అసలైన ఏటీఎఫ్. చిన్న ఊళ్ల షాపుల్లో ఏటీఎఫ్‌ను ‘స్టీరింగ్ ఆయిల్’ అని అడుగుతారు. పాత హైడ్రాలిక్ పవర్ స్టీరింగులలో పోసేది అదే కాబట్టి ఆ పేరు. స్టీరింగుకు ఆయిల్ రకం మీద అంత పట్టింపు లేదు, గేర్‌బాక్సుకు ఉంది.

గనుల ఊళ్లో ఎదురయ్యే ప్రశ్న మరొకటి: డంపర్‌లో పోసే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కారుకు పనికిరాదా? పనికిరాదు. క్యాటర్‌పిల్లర్ 1991లో తెచ్చిన టీవో-4 ప్రమాణం ఇలాంటి భారీ యంత్రాల కోసమే. అందులో ఘర్షణను తగ్గించే రసాయనాలు ఉండవు. భారం కింద క్లచ్ జారితే ప్లేట్లు క్షణాల్లో కాలిపోతాయి కాబట్టి గట్టి పట్టే అక్కడ కావాలి. కొన్ని యంత్రాల్లో బ్రేకులు కూడా అదే ఆయిల్‌లో మునిగి పనిచేస్తాయి. 30 గ్రేడు టీవో-4 వంద డిగ్రీల వేడిలో దాదాపు 10 సెంటీస్టోక్స్ చిక్కదనంతో ఉంటే, కార్ల ఏటీఎఫ్ 5 నుంచి 7.5 మధ్య ఉంటుంది. కారు పెట్టెలోని సన్నని వాల్వు దారులు ఆ చిక్కదనానికి చేసినవి కావు.

ఎప్పుడు మార్చాలన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. ‘జీవితకాలపు ఆయిల్’ అని కొన్ని కార్ల పుస్తకాలు రాసినా, ఆ గేర్‌బాక్సులు చేసే జడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆయిల్ వయసు వేగంగా తరిగిపోతుంది. కిరండూల్ నుంచి విశాఖ వైపు తూర్పు కనుమల ఘాట్లు, రాయపూర్ వైపు కేశకాల్ ఘాట్ దాటవలసిన బండికి పుస్తకంలోని ‘కఠిన వాడకం’ వరసే వర్తిస్తుంది. తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి చూస్తే కొంత తెలుస్తుంది. కొత్తది ఎర్రగా పాకుతుంది. గోధుమరంగుకు తిరగడం సహజమే. నల్లటి నలుసులు మధ్యలో నిలిచి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. పాల చాయ వస్తే నీళ్లు చేరినట్టు.

గేర్‌బాక్సు కింది ఆయిల్ తొట్టి (సంపు) విప్పితే అడుగున అయస్కాంతాల మీద బూడిదరంగు మెత్తటి ముద్ద కనిపిస్తుంది. అది గేర్ల నుంచి రాలిన ఉక్కు పొడి, కొద్దిగా ఉంటే భయం లేదు. కిరండూల్‌లో ఇంకో సంగతి ఉంది. చెట్ల ఆకుల మీదా, ఇంటి గడపల మీదా పేరుకునే ఎర్ర దుమ్ము హెమటైట్ ఖనిజం. ఇనుమే అయినా అయస్కాంతానికి అది సరిగ్గా అంటుకోదు. గరాటు తుడవకుండా పోసినప్పుడు లోపలికి జారిన ఆ దుమ్మును అయస్కాంతం ఆపలేదు, ఫిల్టర్ పట్టినంత పట్టాల్సిందే. మిగిలింది వాల్వుల్లో గరుకుపొడిలా తిరుగుతుంది. రంగు కూడా ఆయిల్ రంగుకు దగ్గరే కాబట్టి కంటికి ఆనదు.

కింది బోల్టు విప్పితే ఆయిలంతా దిగిపోదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో సగానికి పైగా నిలిచిపోవచ్చు. తప్పు ఆయిల్ పోసినప్పుడు ఒక్కసారి మార్చి ఊరుకుంటే చాలదనేది ఇందుకే. మట్టం కొలవడం పాత బండ్లలో తేలిక: ఇంజిన్ నడుస్తుండగా, పెట్టె వేడెక్కాక, గేజు తీసి చూస్తారు. కొత్తవాటిలో గేజే ఉండదు. ఆయిల్ ఉష్ణోగ్రత చాలా రకాల్లో 40 డిగ్రీల దరిదాపుల్లో ఉండగా పక్క బోల్టు విప్పి, సన్నని ధార ఆగే దాకా వదులుతారు. ఆ వేడిని స్కానర్‌లో చూడాలి. వేసవి మధ్యాహ్నం ఘాట్ దిగి వచ్చిన బండి అంతగా చల్లారడానికి గంటలు పడుతుంది. అందుకని ఈ పనికి బండిని రాత్రే షెడ్డులో వదిలి, పొద్దున్నే మొదలుపెట్టడం సులువు.